కొస ఎందుకు వదిలేస్తుంది? – నాడులకు దారి చూపే ప్రొటీన్లు, నాడీకణాలు క్షీణించే జబ్బులు

అందరికీ నమస్కారం. వచ్చినవాళ్లలో డాక్టర్లున్నారు, విద్యార్థులున్నారు, ఇంట్లో పార్కిన్సన్స్‌తోనో ఏఎల్‌ఎస్‌తోనో ఉన్నవాళ్లను చూసుకుంటున్నవాళ్లూ ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని మామూలు మాటల్లోనే చెబుతాను. డాక్టర్లు కాస్త ఓపిక పట్టాలి.

ఒక ఎలుక సంగతితో మొదలుపెడతాను. ఏఎల్‌ఎస్ అన్న పేరు మీలో చాలామంది స్టీఫెన్ హాకింగ్ వల్ల విని ఉంటారు. కండరాలను కదిలించే నాడీకణాలు, మోటార్ న్యూరాన్లు అంటాం, అవి ఒక్కొక్కటిగా పోయే జబ్బు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, లేదా నడుస్తుంటే పాదం పైకి లేవక గడపకు తట్టుకుంటుంది. అలా మొదలవుతుంది. హాకింగ్ 50 ఏళ్లకు పైగా బతికారు కానీ అది చాలా అరుదు. ఎక్కువమందికి లక్షణాలు కనబడ్డాక మిగిలేది 2 నుంచి 5 ఏళ్లు. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బుకు ఎస్‌ఓడీ1 అనే జన్యువులోని లోపం కారణమని 1993లో తేలింది. ఆ లోపమున్న జన్యువునే ఎలుకల్లో పెట్టారు. ఆ ఎలుకలకూ జబ్బు వచ్చింది. అప్పట్నుంచి ఏఎల్‌ఎస్ మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ ఎలుకల మీదే నడిచింది.

2004లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ఎలుకల్లో ఏది ముందు పోతోంది, ఏది తర్వాత పోతోంది అని రోజుల లెక్కన చూశారు. 47వ రోజుకే కాలి కండరాల దగ్గర నరాల కొసలు ఊడిపోయి ఉన్నాయి. అప్పటికి ఎలుక బాగానే పరిగెడుతోంది. 47కీ 80కీ మధ్య, వెన్నుపాము నుంచి బయటికొచ్చే తంతువులు పోయాయి. వెన్నుపాములో కూర్చున్న అసలు కణం పోవడం 80వ రోజు తర్వాతే. అదే వ్యాసంలో ఒక మనిషి సంగతి కూడా ఉంది. ఏఎల్‌ఎస్ మొదలై, అది ముదరకముందే అనుకోకుండా చనిపోయిన రోగి. శవపరీక్షలో ఆయన కండరాల్లో నరాలు ఊడిన గుర్తులున్నాయి. వెన్నుపాములో మోటార్ న్యూరాన్లు మాత్రం మామూలుగానే కనిపించాయి.

మనం పుస్తకాల్లో నాడీకణాలు చనిపోయే జబ్బు అని చదువుకున్నాం. కానీ ఇక్కడ చావు చివర్న వస్తోంది. ముందు కొస వదిలేస్తోంది. 2006లో ఇంకో ప్రయోగం జరిగింది. కణం తనను తాను చంపుకోవడానికి కావలసిన బాక్స్ అనే ప్రొటీన్‌ను ఆ ఎలుకల్లో లేకుండా చేశారు. మోటార్ న్యూరాన్లు చావలేదు. జబ్బు ఆగిందా? లేదు. వెన్నుపాములో కణాలు నిక్షేపంగా ఉన్నాయి, కండరం నుంచి నరం ఊడిపోతూనే ఉంది, ఎలుక చచ్చిపోయింది, కాకపోతే కొన్నాళ్లు ఆలస్యంగా. నాకు ఈ ప్రయోగం చాలా ముఖ్యం. కణాన్ని బతికిస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఇది గట్టి జవాబు.

అందుకే నేను అడిగే ప్రశ్న వేరు. కొస ఎందుకు వదిలేస్తుంది? దానికి ముందు ఇంకో ప్రశ్న అడగాలి. అసలు ఆ కొస అక్కడికి ఎలా వచ్చింది?

నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న కణం తన తంతువును, ఆక్సాన్ అంటాం, పాదం దాకా పంపుతుంది. పెద్దవాళ్లలో అది మీటరు పొడవు. పిండంలో ఉన్నప్పుడు ఆ దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది, కానీ దారిలో వేల కణాలు, ఎన్నో మలుపులు. 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ కోడి పిండం వెన్నుపామును సన్నగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. పెరుగుతున్న తంతువు చివర చిన్న ఉబ్బు, దాన్నుంచి బయటికి వచ్చిన సన్నని పోగులు కనిపించాయి. దానికి గ్రోత్ కోన్ అని పేరు. రంగు వేసిన చచ్చిన ముక్కను చూసే ఆయన, ఇది కదులుతూ వెళ్తుంది, ఏవో రసాయనాలు దీన్ని లాగుతాయి అని ఊహించాడు. ఆ రసాయనాలు చేతికి దొరకడానికి ఇంకో నూరేళ్లు పట్టింది.

1990లో సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో మూడు జన్యువులు తప్పితే నాడులు దారి తప్పుతున్నాయని తేలింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ టెస్సియర్-లవీన్ ప్రయోగశాల సుమారు 25,000 కోడి పిండాల మెదళ్లు నూరి, వడగట్టి, ఆ లాగే ప్రొటీన్‌ను పట్టుకుంది. చూస్తే అది పురుగులోని ఒక జన్యువుకు దగ్గరి చుట్టం. వాళ్లు దానికి నెట్రిన్ అని పేరు పెట్టారు. సంస్కృతంలోంచి తీసుకున్న పేరే, దారి చూపేవాడు అని అర్థం. నాయకుడు అనే అర్థంలో మనం వాడే నేత అన్న మాట వచ్చింది కూడా అక్కణ్నుంచే. ఒక ఏడాది ముందు, 1993లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లకు దీనికి వ్యతిరేకంగా పనిచేసేది దొరికింది. గ్రోత్ కోన్‌కు తగిలిస్తే పోగులన్నీ ముడుచుకుని కొస కూలిపోతుంది. దాన్ని ఇప్పుడు సెమాఫోరిన్ 3ఏ అంటున్నాం. తర్వాత ఎఫ్రిన్లు, స్లిట్‌లు వచ్చాయి. ఆ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. వీటిలో మంచిది చెడ్డది లేదు. కణం మీద ఉండి ఇలాంటి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను రిసెప్టార్ అంటాం. ఒకే నెట్రిన్, కణం మీద డీసీసీ అనే రిసెప్టార్ ఉంటే దగ్గరికి రమ్మంటుంది, యూఎన్‌సీ5 కూడా చేరితే పొమ్మంటుంది. 1997లో కప్ప నాడీకణాల మీద చూపించారు: కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు మోతాదు తగ్గిస్తే, నెట్రిన్ వైపు తిరుగుతున్న కొస వెంటనే వెనక్కి తిరిగింది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి. మందులు ఎందుకు తడబడ్డాయో దీంతో సగం తెలుస్తుంది.

పుట్టాక, నాడులన్నీ చేరవలసిన చోటికి చేరాక, ఈ ప్రొటీన్ల పని అయిపోయిందనే అనుకున్నాం చాలాకాలం. అవ్వలేదు. పెద్దయ్యాక కూడా మెదడులో, వెన్నుపాములో, కండరాల దగ్గర ఇవి తయారవుతూనే ఉంటాయి. ఒక నాడి ఇంకో నాడిని తాకేచోట ఆ అతుకు గట్టిగా ఉండాలా వదులవ్వాలా అన్నది కొంత వీటి చేతిలో ఉంది. పెద్ద ఎలుకల జ్ఞాపకానికి డీసీసీ కావాలి. పోగులు ముడుచుకోవడం పిండంలో అవసరమైన పని. 50 ఏళ్ల మనిషి కండరం మీద అదే సంకేతం పనిచేస్తే?

మళ్లీ ఎలుక కండరం దగ్గరికి వద్దాం. ఈ స్లయిడు చూడండి. నరం ఆకుపచ్చ, కండరం మీద నరం వచ్చి అతుక్కునే జాగా ఎరుపు. ఆ ఎరుపు రంగు పట్టుకునేది బంగారోటాక్సిన్, మన కట్లపాముకు దాయాదైన తైవాన్ పాము విషంలోంచి తీసినది. ఎలుకలో ఆ జాగా అచ్చం జంతికలా మెలికలు తిరిగి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రతి మెలిక మీదా నరం ఉంటుంది, ఎరుపు ఆకుపచ్చ కలిసి పసుపుగా కనిపిస్తుంది. ఇప్పుడు పక్కన జబ్బు ఎలుక. ఇక్కడ జంతిక సగం పసుపు, సగం ఉత్త ఎరుపు. ఈ మూలన పూర్తిగా ఎరుపు, నరం లేదు. ఇది చూడండి, పక్క నరం నుంచి ఒక సన్నని పిలక ఖాళీ అయిన జాగా వైపు పాకుతోంది. శరీరం ఊరుకోదు, పక్క నరం ఆ కండరాన్ని దత్తత తీసుకోవాలని చూస్తుంది. మనుషుల్లోనూ ఇంతే. అందుకే ఎన్నో నరాలు పోయేదాకా రోగికి బలహీనత తెలియదు.

కానీ అన్ని కండరాలకూ ఈ పిలకలు సమానంగా రావు. గబగబా బలంగా కదిలి, గబగబా అలిసిపోయే కండర తంతువుల దగ్గర నరం ముందు ఊడుతుంది, పిలకలూ సరిగ్గా రావు. నెమ్మదిగా పనిచేసే తంతువులు చాలాకాలం నిలబడతాయి. కంటిగుడ్డు తిప్పే కండరాలు చివరిదాకా ఉంటాయి, అందుకే ఏఎల్‌ఎస్ రోగులు కళ్లతో కంప్యూటరు నడిపి మాట్లాడగలుగుతున్నారు. ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తోంది? 2006లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు, ఆ అతుకు మీద కప్పి ఉండే ష్వాన్ కణాల్లో సెమాఫోరిన్ 3ఏ తయారవుతోందని చూశారు. అన్నిచోట్లా కాదు. సరిగ్గా ఆ గబగబా అలిసిపోయే తంతువుల దగ్గరే. కొసను ముడుచుకోమనే సంకేతం, అతుకు ముందు ఊడే చోటే ఉంది. 2014లో ఆ సంకేతం నరాన్ని పట్టుకోకుండా న్యూరోపిలిన్ అనే రిసెప్టార్‌కు యాంటీబాడీ అడ్డుపెట్టి చూస్తే ఎలుకలు కాస్త ఎక్కువ కాలం నిలబడ్డాయి. 2016లో ఏఎల్‌ఎస్‌తో చనిపోయినవాళ్ల మెదడులో, కదలికలను శాసించే భాగంలో, సెమాఫోరిన్ 3ఏ పెరిగి ఉందని చూపించారు. చనిపోయాక తీసిన మెదడులో పెరిగి ఉండటం కారణమో ఫలితమో చెప్పలేం. జబ్బుతో పోరాడే పనిలో భాగంగా కూడా పెరగవచ్చు.

ఇంకో కథ బెల్జియంలోని లూవెన్ నుంచి, 2012 నాటిది. వీళ్లు ఎలుకతో కాకుండా చేపతో మొదలుపెట్టారు. జీబ్రా చేప పిండం గాజులా ఉంటుంది, నరాలు బయటికే కనిపిస్తాయి. చెడిపోయిన ఎస్‌ఓడీ1 పెట్టగానే దాని మోటార్ ఆక్సాన్లు పొట్టిగా, అడ్డదిడ్డంగా పెరిగాయి. ఇప్పుడు ఒక్కో జన్యువునూ ఆపుతూ, ఏది ఆపితే ఆ ఆక్సాన్లు బాగుపడతాయో వెతికారు. ఎఫ్ఏ4 అనే రిసెప్టార్ దొరికింది, పిండంలో కాలిలోకి వెళ్లే నరం ఏ పక్కకు తిరగాలో చెప్పే ప్రొటీన్లలో అదొకటి. ఎలుకల్లో దాన్ని సగానికి తగ్గిస్తే ఎక్కువ రోజులు బతికాయి. ఎక్కువగా దెబ్బతినే పెద్ద మోటార్ న్యూరాన్లలోనే అది ఎక్కువగా ఉంది. రోగుల రక్తంలో చూస్తే అది తక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు ఆలస్యంగా వచ్చింది, ఎక్కువ కాలం బతికారు. ఆ జన్యువే పాడైపోయిన ఇద్దరు రోగులు దొరికారు, ఇద్దరూ చాలాకాలం జీవించినవాళ్లే. చేప, ఎలుక, మనిషి, మూడు చోట్లా ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది కదా?

2019లో అదే బృందం, జబ్బు మొదలవకముందే ఎలుక ఒంట్లో అంతటా ఎఫ్ఏ4ను సగానికి తగ్గించి చూసింది. ఈసారి ఆయుష్షు పెరగలేదు. తాము చెప్పినదాన్ని తామే మళ్లీ పరీక్షించి, ఫలితం రాకపోతే దాన్నీ అచ్చువేశారు. వాళ్లకు దణ్ణం పెట్టాలి. దీన్నిబట్టి 2012 నాటిది అబద్ధమని కాదు. పుట్టుకతోనే తక్కువ ఉండటం ఒకటి, పెద్దయ్యాక తగ్గించడం ఒకటి. మోటార్ న్యూరాన్‌లో తగ్గించడం ఒకటి, పక్కనుండి దానికి సాయపడే ఆస్ట్రోసైట్లు అనే కణాల్లోనూ తగ్గించడం ఇంకొకటి. కణం పరిస్థితిని బట్టి ఒకే సంకేతం ఫలితం మారిపోతుంది, ఇందాక సైక్లిక్ ఏఎంపీ గురించి చెప్పింది ఇందుకే.

మనుషుల దాకా వెళ్లినది నోగో-ఏ. ఇది జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ పనిలోంచి వచ్చింది. దెబ్బతిన్న వెన్నుపాములో నరాలు మళ్లీ పెరగకుండా ఆపే ప్రొటీన్లలో ఇదొకటి. ఏఎల్‌ఎస్ రోగుల కండరంలో ఇది పెరిగి ఉంటుంది, ఇది లేని జబ్బు ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. గ్లాక్సో కంపెనీ దీన్ని ఆపే యాంటీబాడీ చేసింది, పేరు ఒజానెజుమాబ్. దాదాపు 300 మంది రోగుల మీద, సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్ లాంటిది, రెండు వారాలకోసారి ఎక్కించారు. 2017లో ఫలితం వచ్చింది. ఏ లాభమూ లేదు. నా ఉద్దేశంలో వేళ పెద్ద కారణం. ఎలుకకు 47వ రోజు అంటే మనిషికి ఇంకా లక్షణం లేని రోజు. డాక్టరు ఇది ఏఎల్‌ఎస్ అని చెప్పేసరికి మనం 80 దాటేసి ఉంటాం. అప్పుడు కొసను పట్టుకోమంటే పట్టుకోవడానికి ఎన్ని కొసలు మిగిలి ఉంటాయి?

పార్కిన్సన్స్ కథ కొంచెం వేరు. ఇందులో పోయేవి నడిమెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు. వీటి కొమ్మలు ఎన్నో చెప్తే నమ్మలేరు. మనిషిలో ఒక్కో కణం ఆక్సాన్ కొమ్మలన్నీ కలిపితే 4.5 మీటర్లు ఉంటుందని, పది లక్షలకు పైగా చోట్ల అతుక్కుంటుందని ఒక అంచనా. ఈ కణాల మీద డీసీసీ ఉంటుంది. డీసీసీకి ఒక విచిత్రమైన గుణం ఉందని 1998లో తెలిసింది. దానికి నెట్రిన్ అంటుకుని ఉన్నంతసేపూ కణం బతుకుతుంది. నెట్రిన్ రావడం మానేస్తే డీసీసీ ఊరుకోదు, లోపల తెగి, ఆ తెగిన ముక్క కణం చావును మొదలుపెడుతుంది. పిండంలో ఇది తెలివైన ఏర్పాటు. దారి తప్పి నెట్రిన్ లేని చోటికి వెళ్లిన కణం బతకనక్కర్లేదు. 2021లో లియోన్‌లోని పాట్రిక్ మెలెన్ బృందం, పార్కిన్సన్స్‌తో పోయినవాళ్ల నడిమెదడులో నెట్రిన్ తగ్గి ఉందని, పెద్ద ఎలుకల్లో దాన్ని తగ్గిస్తే డోపమిన్ కణాలు చస్తున్నాయని చూపింది. ఇవన్నీ విన్నాక నాకు పార్కిన్సన్స్ గురించే కాస్త ఎక్కువ ఆశ కలుగుతుంది. ఇక్కడ ఒక లోటు ఉంది. లోటును పూడ్చడం, సంకేతాన్ని ఆపడం కంటే నేరుగా ఉంటుంది.

అల్జీమర్స్ గురించి రెండు మాటలే. 2014లో రెండు కుటుంబాల్లో, ఇందాకటి యూఎన్‌సీ5 రిసెప్టార్లలో ఒకటైన యూఎన్‌సీ5సీ జన్యువులో అరుదైన మార్పు దొరికింది, అది ఉన్నవాళ్లకు ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ ముప్పు ఎక్కువ. ఆ మార్పున్న నాడీకణాలు ఒత్తిడికి తొందరగా చస్తాయి. సెమాఫోరిన్ మాటను కణం లోపలికి చేరవేసే సీఆర్‌ఎంపీ2 అనే ప్రొటీన్ అల్జీమర్స్ రోగుల మెదడు కణాల్లో పేరుకునే ప్రొటీన్ చిక్కుముళ్లలో దొరుకుతుంది. ఆ చిక్కుముళ్లు ప్రధానంగా టౌ అనే ప్రొటీన్‌తో ఏర్పడతాయి, టౌను పాడుచేసే ఎంజైములే దాన్నీ పాడుచేస్తాయి.

ఇంకోటి చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. ఇందాక నెట్రిన్ పట్టుకున్నారని చెప్పిన టెస్సియర్-లవీన్ తర్వాత స్టాన్‌ఫర్డ్ అధ్యక్షుడయ్యారు. ఆయన ప్రయోగశాల వ్యాసాల్లోని కొన్ని బొమ్మలు దిద్దినవని విచారణలో తేలి, 2023లో పదవి వదిలారు. ఆయన స్వయంగా దిద్దారనడానికి ఆధారం లేదని విచారణ సంఘం చెప్పింది, తప్పులు తెలిశాక సరిదిద్దలేదని తప్పుపట్టింది. నాడులకు దారి చూపడం మీద వచ్చిన 1999, 2001 వ్యాసాలు వెనక్కి తీసుకున్నారు. అల్జీమర్స్ మీద 2009లో పెద్ద చప్పుడు చేసిన వ్యాసం కూడా వెనక్కి పోయింది. విద్యార్థులు ఈ పాత వ్యాసాలను ఉదహరించేముందు చూసుకోండి. నెట్రిన్ మాత్రం నిలబడింది. పురుగులో, ఈగలో, ఎలుకలో, వేరేవాళ్ల చేతుల్లో అదే ఫలితం వచ్చింది కాబట్టి.

హంటింగ్టన్స్ అనే, వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బులో సెమాఫోరిన్ 4డీని ఆపే పెపినెమాబ్ అనే యాంటీబాడీని 265 మంది మీద, కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రవం ఇచ్చి పరీక్షించారు, 2022లో ఫలితాలొచ్చాయి. ముందుగా పెట్టుకున్న లక్ష్యాలు అందలేదు. కానీ మెదడు గ్లూకోజు వాడకం మందు తీసుకున్నవాళ్లలో మెరుగ్గా ఉంది. అందుకే దాన్ని అల్జీమర్స్‌లోకి తీసుకెళ్లారు. ఇక్కడ ఆలోచన కొస గురించి కాదు, నాడీకణం చుట్టూ ఉండే ఆస్ట్రోసైట్లు తమ పని మానేయకుండా చూడటం గురించి. నాకు ఇది ఇష్టమైన మలుపు, ఎందుకంటే నాడీకణం మీదే చూపు పెట్టుకుని చాలా ఏళ్లు పోగొట్టుకున్నాం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థిని: సర్, పార్కిన్సన్స్‌లో నెట్రిన్ తగ్గుతుంది అన్నారు కదా, మరి దాన్నే మందుగా ఇవ్వచ్చు కదా?)

మంచి ప్రశ్నమ్మా. మాత్రగా ఇస్తే పప్పులోని ప్రొటీన్ లాగే కడుపులో అరిగిపోతుంది. రక్తంలోకి ఎక్కిస్తే మెదడులోకి పోదు. ఎలుకల్లో నేరుగా మెదడులోకి ఎక్కించి చూశారు, మేలు కనిపించింది. ఇంకో చిక్కుంది. డీసీసీ అన్న పేరే పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చింది, ఆ క్యాన్సర్‌లో పోయే జన్యువు అని 1990లో దొరికింది. చావవలసిన క్యాన్సర్ కణాలు నెట్రిన్‌ను తామే తయారుచేసుకుని బతికేస్తాయి. మెలెన్ బృందమే నెట్రిన్‌ను ఆపే యాంటీబాడీని గర్భాశయ క్యాన్సర్ రోగులకు ఇస్తోంది, 2023లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఒకే ప్రయోగశాల, ఒక రోగికి నెట్రిన్ పెంచాలని, ఇంకో రోగికి ఆపాలని చూస్తోంది. కాబట్టి ఇస్తే నడిమెదడులో ఆ చిన్న చోటే ఇవ్వాలి.

(ఒక పెద్దాయన: మా తమ్ముడికి ఏఎల్‌ఎస్ అండి. మీరు చెప్పినవాటిలో ఇప్పుడు వాడగలిగింది ఏదైనా ఉందా?)

వీటిలో లేదండి. ఉందని చెప్పి డబ్బు అడిగేవాళ్లుంటే దూరంగా ఉండండి. రిలుజోల్ వాడుతున్నారా? మానకండి, అది కొన్ని నెలలు కలిసొచ్చేలా చేస్తుంది. ఊపిరి పరీక్ష, మింగడం ఎలా ఉందో చూడటం క్రమం తప్పకుండా చేయించండి. ఇంకోటి, ఎస్‌ఓడీ1 జన్యు పరీక్ష చేయించారా? ఆ లోపం ఉన్నవాళ్లకు టోఫెర్సెన్ అనే మందును 2023లో అమెరికా అనుమతించింది, నడుము దగ్గర వెన్నుపాము నీటిలోకి ఎక్కిస్తారు. ఆ లోపం ఉండేది వందలో ఒకరిద్దరికే, అయినా తెలుసుకోవాలి. రిపోర్టులు మీ దగ్గరుంటే ఉండండి, అవతల టీ ఇస్తున్నారు, కూర్చుని చూద్దాం.